పాత కారుకి వెడల్పు చక్రాలు: ఒరుసుకోకుండా కూర్చోవాలంటే ముందు ఏం కొలవాలి

మీరు అడిగింది ఇది. కారుకి ఇప్పుడున్నవి 13 అంగుళాల 5జె (అంటే 5 అంగుళాల వెడల్పు) రిమ్ములు, ఈటీ (ఆఫ్‌సెట్, దీని సంగతి కింద చెప్తాను) 38, వాటి మీద 175/70 ఆర్13 టైర్లు (వెడల్పు 175 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 13 అంగుళాలు). వాటి బదులు 15 అంగుళాల 6.5జె అలాయ్‌లు, ఈటీ 35, వాటికి 195/50 ఆర్15 టైర్లు వేద్దామనుకుంటున్నారు. పెరిగేది 20 మి.మీ.యే కదా, అటు పది ఇటు పది, ఎక్కడైనా తగిలితే ఒక స్పేసర్ (చక్రాన్ని బిగించే హబ్‌కీ రిమ్ముకీ మధ్య పెట్టే పలక) పెడితే సరిపోదా అంటున్నారు.

అటు పది ఇటు పది కాదు, అక్కడే లెక్క తప్పింది. టైరు పక్కన రాసి ఉన్న 195 పేరుకే 195. ఆ సైజు టైరుని 6 అంగుళాల రిమ్ము మీద గాలి నింపి కొలిస్తే దాదాపు 201 మి.మీ. వస్తుంది. రిమ్ము అర అంగుళం పెరిగినప్పుడల్లా టైరు పొట్ట మరో 5 మి.మీ. దాకా విచ్చుకుంటుంది. అంటే 6.5జె మీద అది 206. మీ పాత 175 టైరు 5జె మీద 177 ఉంటుంది. కాబట్టి అసలు పెరుగుదల 29 మి.మీ.

ఆ 29 ఎటు పోతుందో చెప్పేది ఈటీ. రిమ్ము నడిమధ్య గీత నుంచి హబ్‌కి ఆనుకునే ముఖం ఎంత బయటికి ఉందో అదే ఈటీ. అది తగ్గే కొద్దీ చక్రం బయటికి వస్తుంది. టైరు వెడల్పులో సగానికి ఈటీ కలిపితే హబ్ ముఖం నుంచి లోపలి అంచు దూరం, సగంలోంచి ఈటీ తీసేస్తే బయటి అంచు దూరం. పాతది: లోపలికి 88.5 + 38 = 126.5, బయటికి 88.5 – 38 = 50.5. కొత్తది: లోపలికి 103 + 35 = 138, బయటికి 103 – 35 = 68. మీ టైరు లోపలికి 11.5 మి.మీ., బయటికి 17.5 మి.మీ. జరుగుతోంది. ఇదే లెక్క రిమ్ము అంచులకి వేస్తే లోపలికి 16, బయటికి 22 వస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికే చాలా క్యాలిక్యులేటర్లు చూపించేది ఈ రెండో జతనే. తగిలేది మాత్రం ఎక్కువగా టైరే కాబట్టి మొదటి జతని నమ్మండి.

ఎత్తు గురించి బెంగ అక్కర్లేదు. పాత టైరు వ్యాసం 575 మి.మీ., కొత్తది 576. స్పీడోమీటరు మారదు. లోడ్ ఇండెక్స్ రెండిటికీ సాధారణంగా 82 (ఒక్కో టైరు మోయగలిగే బరువు 475 కిలోలు), అదీ సరిపోయింది. 205/50 ఆర్15 ఊసు మాత్రం ఎత్తకండి. వ్యాసం 586కి పోతుంది, వెడల్పు ఇంకా పెరుగుతుంది, పాత బాడీలో రెండూ కలిసి ఇబ్బంది పెడతాయి.

లెక్కలో కనిపించని సంగతి ఒకటుంది. 70 సిరీస్ టైరు భుజం గుండ్రంగా వాలి ఉంటుంది, 50 సిరీస్ భుజం నలుచదరంగా పెట్టె మూలలా ఉంటుంది. మడ్‌గార్డ్ అంచు దగ్గర మొదట తగిలేది పొట్ట కాదు, ఈ మూల. పైగా ఒకే సైజు టైరు కంపెనీని బట్టి కొన్ని మి.మీ. తేడాగా ఉంటుంది. కాగితం మీద 3 మి.మీ. సందు మిగిలిందంటే సందు లేనట్టే లెక్క.

ఇక కొలతలు. చక్రం చుట్టూ ఉన్నవాటిని రెండు గుంపులుగా చూడాలి. ఈ తేడా తెలియకే చాలామంది ఒకచోట అనవసరంగా భయపడి, భయపడాల్సిన చోట వదిలేస్తారు. మొదటి గుంపు చక్రంతో పాటు కదిలేవి: స్ట్రట్ (షాక్ అబ్జార్బర్, స్ప్రింగ్ కలిసి ఉండే నిలువు కాలు) గొట్టం, దాని మీద స్ప్రింగ్ కూర్చునే గిన్నె, బ్రేక్ క్యాలిపర్ (బ్రేక్ డిస్కుని నొక్కి పట్టే భాగం), టై రాడ్ (స్టీరింగ్ నుంచి వచ్చి చక్రాన్ని తిప్పే కడ్డీ) చివర. చక్రం పైకి లేచినా స్టీరింగ్ తిరిగినా ఇవీ దాదాపు కలిసే తిరుగుతాయి కాబట్టి వీటికీ టైరుకీ మధ్య సందు పెద్దగా మారదు. స్ట్రట్ దగ్గర 5 మి.మీ. నిఖరంగా ఉంటే చాలు. రెండో గుంపు బాడీతో ఉండిపోయేవి: మడ్‌గార్డ్ అంచు, లోపలి ప్లాస్టిక్ లైనర్, బంపర్ మూల, ఛాసిస్ పట్టీ. వీటి దగ్గర సందు క్షణక్షణం మారుతుంది, కాబట్టి చక్రం ఏ స్థితిలో అతి దగ్గరికి వస్తుందో ఆ స్థితిలో 8 నుంచి 10 మి.మీ. మిగలాలి. ఇంటి ముందు నిలబెట్టి వేలు దూర్చి చూసి "బోలెడు ఖాళీ ఉంది" అనుకోవడంలో అర్థం లేదు. యాంటీ రోల్ బార్ (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీ), బ్రేక్ గొట్టం ఈ రెంటికీ మధ్యరకం. వాటిని స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడాలి.

కొలిచే ముందు కారు పరిస్థితి చూడండి. పాత కారు అన్నప్పుడు అసలు చిక్కు ఇక్కడే. నాలుగు చక్రాల మధ్య బిందువు నుంచి నిట్టనిలువుగా మడ్‌గార్డ్ అంచు దాకా ఎంతుందో కొలిచి రాసుకోండి. ఎడమకీ కుడికీ 10 మి.మీ. దాటి తేడా ఉంటే స్ప్రింగ్ కుంగింది, లేదా ఎప్పుడో దెబ్బ తిని టింకరింగ్ చేసిన బాడీ. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే చెయ్యి) రబ్బరు బుష్‌లు అరిగితే బ్రేకు వేసినప్పుడు చక్రం వెనక్కి జరుగుతుంది, రివర్స్‌లో బ్రేకు వేస్తే ముందుకి జరుగుతుంది. కొత్త బుష్‌లతో తగలని టైరు అరిగిన బుష్‌లతో లైనర్‌ని గీరుతుంది, అప్పుడు తప్పు రిమ్ములదని తిట్టుకుంటారు. బాల్ జాయింట్లు, స్ట్రట్ పైన మౌంట్, వీల్ బేరింగ్ ఆట కూడా చూడాలి. వీటిని బాగుచేశాక, కారు ఎత్తు ఖాయం చేశాకే కొలతలు. తర్వాతెప్పుడో స్ప్రింగులు మార్చి 30 మి.మీ. కిందికి దించుదాం అనే ఆలోచన ఉంటే ముందు అది తేల్చుకోండి, ఎందుకంటే అప్పుడు ఈ కొలతల్లో సగం చెల్లవు. వెనక నిండు యాక్సిల్‌కి పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకి జరగకుండా దాన్ని బాడీకి కలిపే కడ్డీ) ఉన్న కార్లలో కారు దించితే యాక్సిల్ మొత్తం ఒక పక్కకి జరుగుతుంది. ఒక వైపు తగలడం, రెండో వైపు ఖాళీగా ఉండటం అలాంటి కార్లలో మామూలే.

కొత్త చక్రం చేతికి రాకముందే కొలవొచ్చు. వ్యాసం సమానం కాబట్టి పాత చక్రాన్నే లావు చెయ్యండి. గట్టి ఫోమ్ షీటు 11.5 మి.మీ. మందం, 17.5 మి.మీ. మందం వచ్చేలా రెండు రకాల ముక్కలు పేర్చి, మొదటివి టైరు లోపలి పక్కన, రెండోవి బయటి పక్కన, ట్రెడ్ అంచుతో సమంగా ఉండేలా కట్ చేసి టేపుతో చుట్టండి. పెట్టె మూల భుజాన్ని కూడా ఇది అనుకరిస్తుంది. చుట్టూ అక్కర్లేదు, పైన మూడో వంతు మేర చాలు. దుకాణంలో ఒక్క చక్రం బిగించి చూసుకోనిస్తే ఇంకా మంచిది, టైరుతో సహా అడగండి. ఖాళీ రిమ్ము పెట్టి చూస్తే క్యాలిపర్ సంగతి తప్ప ఏమీ తేలదు.

ఇప్పుడు చక్రాన్ని పూర్తిగా పైకి లేపి చూడాలి. స్ప్రింగ్ ఉండగా జాకీతో లేపితే కారే లేస్తుంది తప్ప సస్పెన్షన్ నొక్కుకోదు. అందుకని బాడీని జాకీ స్టాండ్ల మీద ఎత్తి పెట్టి, ముందు స్ట్రట్ విప్పి, స్ప్రింగ్ తీసేసి, బంప్ స్టాప్ (సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు ఆపే రబ్బరు దిమ్మ) మాత్రం ఉంచి స్ట్రట్‌ని మళ్ళీ బిగించండి. స్ప్రింగ్ తియ్యడానికి మంచి కంప్రెసర్ కావాలి. తుప్పు పట్టిన మరతో, రెండు కొక్కేలతో పని కానిచ్చేద్దాం అనుకోవద్దు, నొక్కి ఉన్న స్ప్రింగ్ జారితే ఎముకలు విరుగుతాయి. అలవాటు లేకపోతే ఈ ఒక్క పని మెకానిక్ చేత చేయించండి. తర్వాత లోయర్ ఆర్మ్ కింద జాకీ పెట్టి, బంప్ స్టాప్ సగానికి నలిగే దాకా లేపండి. దారిలో ప్రతి 3, 4 సెంటీమీటర్లకి ఆగి స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పాలి. ఎందుకంటే అతి దగ్గర స్థితి పూర్తిగా పైకి లేచినప్పుడే రానక్కర్లేదు. బంపర్ మూల, లైనర్ వెనక భాగం సాధారణంగా సగం ఎత్తులో, స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడే తగులుతాయి.

చూపుతో అంచనా వేయలేని సందుల్లో పిల్లలు ఆడుకునే క్లే ఉండలు అంటించండి. చక్రం తిప్పి, లేపి, దించాక ఆ ఉండ ఎంత పల్చబడిందో స్కేలుతో కొలిస్తే అదే అక్కడి సందు. స్ప్రింగ్ గిన్నె దగ్గర, మడ్‌గార్డ్ అంచు లోపల గడియారంలో పదీ, పన్నెండూ, రెండూ ఉండే చోట్లలో, బ్రేక్ గొట్టం పట్టీ దగ్గర, లైనర్ వెనక దిగువన ఒక్కోటి పెట్టండి.

వెనక నిండు యాక్సిల్ అయితే రెండు రకాలుగా లేపాలి. రెండు చక్రాలూ కలిసి లేస్తే బయటి అంచుకి ప్రమాదం. ఒక్కటే లేస్తే యాక్సిల్ వాలి ఆ టైరు తల లోపలికి ఒరుగుతుంది, అప్పుడు లోపలి గూడుకీ షాక్ అబ్జార్బర్‌కీ ప్రమాదం. ఒక పద్ధతిలో చూసి రెండోది వదిలేస్తే సగం పనే చేసినట్టు.

చేతికొచ్చిన అంకెలతో ఏం చెయ్యాలో ఉదాహరణగా చూద్దాం. పాత చక్రంతో స్ట్రట్ వైపు సందు 15 మి.మీ. ఉందనుకోండి. 5 మిగలాలి కాబట్టి లోపలికి 10 వాడుకోవచ్చు. సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు మడ్‌గార్డ్ అంచు వైపు 22 ఉందనుకుంటే, 10 వదిలి 12 వాడుకోవచ్చు. మొత్తం 22. మీ చక్రానికి కావాల్సింది 29. ఇక ఏ ఈటీ తెచ్చినా, ఏ స్పేసర్ పెట్టినా ఆ 29 తగ్గదు. ఈటీ చక్రాన్ని అటో ఇటో జరుపుతుంది, సన్నం చెయ్యదు. దుకాణాల్లో చెప్పే స్పేసర్ మంత్రం ఇక్కడే చతికిలబడుతుంది. స్ట్రట్ దగ్గర తగులుతోందని 8 మి.మీ. స్పేసర్ పెడితే ఆ 8 మి.మీ. మడ్‌గార్డ్ అంచు దగ్గర కట్టాల్సి వస్తుంది.

అదే 195/50 టైరుని 6జె రిమ్ము మీద వేస్తే వెడల్పు 201, పెరుగుదల 24. ఈటీ 36 అయితే లోపలికి 10, బయటికి 14. ఉదాహరణలో బయటి వైపు 2 మి.మీ. తక్కువ పడింది, మడ్‌గార్డ్ అంచు మడిస్తే అది దొరుకుతుంది. బాడీ మీద చెయ్యి వెయ్యడం ఇష్టం లేకపోతే 14 అంగుళాల 6జె ఈటీ 38, 185/60 ఆర్14: వ్యాసం 578, లోపలికి 8.5, బయటికి 8.5, ఎక్కడా కొయ్యకుండా కూర్చుంటుంది. అడిగారు కాబట్టి సూటిగా చెప్తున్నా, గతుకుల రోడ్డు మీద రోజూ తిరిగే పాత కారుకి నేనైతే ఇదే వేయమంటాను. సైడ్‌వాల్ ఎత్తు 111 మి.మీ. మిగులుతుంది, 195/50లో 97.5 మాత్రమే. గుంతలో పడ్డప్పుడు రిమ్ము అంచు వంగడానికీ వంగకపోవడానికీ ఆ 13 మి.మీ.యే తేడా. 6.5జె అలాయ్‌లు ఇప్పటికే కొనేసి ఉంటే సంగతి వేరు, అప్పుడు బాడీని సర్దాల్సిందే.

బాడీ సర్దుబాట్లలో తేలికది లైనర్. ప్లాస్టిక్ లైనర్‌ని హీట్ గన్‌తో మెత్తబరిచి లోపలికి నొక్కి చల్లారేదాకా పట్టుకుంటే 10 మి.మీ. దాకా దొరుకుతుంది. దాన్ని బిగించే స్క్రూలు చూసుకోండి. మొన టైరు వైపు పొడుచుకుని ఉంటే లైనర్ తగలకపోయినా స్క్రూ టైరుని కోస్తుంది. తల గుండ్రంగా ఉన్న స్క్రూలు, తల టైరు వైపు వచ్చేలా వెయ్యండి. బంపర్‌ని మడ్‌గార్డ్‌కి కలిపే చెవి కూడా అంతే, దాన్ని మలుపు తిప్పి వెనక్కి బిగించొచ్చు. మడ్ ఫ్లాప్‌లు తగిలితే తీసెయ్యండి లేదా కత్తిరించండి, వాటి కోసం రిమ్ములు మార్చుకోనక్కర్లేదు.

మడ్‌గార్డ్ అంచు మడవడం అంత తేలిక కాదు. హబ్‌కి బిగించే రోలర్ పనిముట్టుతో, పెయింటుని హీట్ గన్‌తో చెయ్యి పెట్టలేనంత వేడి చేస్తూ, ఒక్కోసారి కొద్దికొద్దిగా కోణం పెంచుతూ పది పన్నెండు సార్లు తిప్పాలి. చల్లగా మడిస్తే పెయింటు చిట్లుతుంది. పాత కారులో అసలు భయం పెయింటు కాదు, దాని కింద లప్పం. మొదట అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోని చోట లప్పం ఉంది, అక్కడ మడిస్తే పెంకులా ఊడి వస్తుంది. వెనక మడ్‌గార్డ్ అంచు రెండు రేకులు కలిపి స్పాట్ వెల్డింగ్ చేసిన అతుకు. దాన్ని గ్రైండర్‌తో కోసెయ్యమనేవాళ్ళు ఉంటారు, కోస్తే వెల్డింగ్ పోయి రెండు రేకులూ విడిపోతాయి, మధ్యలోకి నీళ్ళు దిగి రెండు మూడు వానాకాలాల్లో అంచంతా తినేస్తుంది. మడిచి, పగిలిన చోట సీమ్ సీలర్ పూసి, ప్రైమర్, పెయింటు వేసి వదలండి.

స్టీరింగ్ చివరి కొసలో మాత్రమే లోపల తగులుతుంటే ర్యాక్ చివర టై రాడ్ లోపల పెట్టే పరిమితి వాషర్లతో స్టీరింగ్ తిరుగుడు కాస్త తగ్గించొచ్చు. దానికి మూల్యంగా మలుపు వ్యాసం పెరుగుతుంది.

క్యాంబర్ (చక్రం నిలువు నుంచి వాలే కోణం) వంచితే సరిపోతుందనే సలహా కూడా వింటారు. సగమే నిజం. ఒక డిగ్రీ నెగటివ్ క్యాంబర్‌కి టైరు తల సుమారు 5 మి.మీ. లోపలికి వెళ్తుంది, మడ్‌గార్డ్ అంచు దగ్గర మేలే. కానీ అది ఎక్కడ వంచారన్నది ముఖ్యం. స్ట్రట్‌కీ హబ్‌కీ మధ్య బోల్టు దగ్గర వంచితే టైరు స్ట్రట్ మీదికే ఒరుగుతుంది, అక్కడ ఉన్న 5 మి.మీ. మాయమవుతుంది. పైన మౌంట్ దగ్గర వంచితే స్ట్రట్, చక్రం కలిసి వాలతాయి, మధ్య సందు మారదు. ఒకటిన్నర డిగ్రీ దాటితే రోజువారీ కారులో లోపలి భుజం అరగడం మొదలవుతుంది.

స్పేసర్ తప్పదనుకుంటే హబ్ రంధ్రానికి సరిగ్గా కూర్చునే రకమే వాడాలి. వదులు పలకలు హబ్ మధ్యలో పొడుచుకొచ్చే పెదవిని మింగేస్తాయి, చక్రం కేవలం స్టడ్‌ల మీద నిలబడుతుంది, వణుకు వస్తుంది. నట్టు ఎన్ని చుట్లు పడుతోందో లెక్కపెట్టండి. స్టడ్ లావెంతో కనీసం అంత పొడవు మర పట్టాలి: 12 మి.మీ. స్టడ్, 1.5 పిచ్ (ఒక్కో చుట్టుకి నట్టు జరిగే మి.మీ.) అయితే 8 పూర్తి చుట్లు, 1.25 పిచ్ అయితే 10. అంతకంటే తక్కువైతే పొడవు స్టడ్‌లు వేయించుకోండి.

రిమ్ము కొనేటప్పుడు చూడాల్సినవి క్లుప్తంగా. పీసీడీ (బోల్టు రంధ్రాల సంఖ్య, అవి ఉండే వలయం వ్యాసం) 4x100, 4x98 కంటికి ఒకేలా ఉంటాయి, బిగిస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టే ఉంటాయి, కానీ నట్లు ఒక పక్క నొక్కుకుని వదులవుతాయి, వెయ్యొద్దు. మధ్య రంధ్రం హబ్ కంటే పెద్దదైతే రింగు కావాలి, చిన్నదైతే ఆ రిమ్ము మీది కాదు. నట్టు కూర్చునే ముఖం శంఖాకారమా, గుండ్రనా చూసి దానికి తగిన నట్లే వాడాలి. క్యాలిపర్‌కీ రిమ్ము లోపలి గోడకీ 3 మి.మీ. అయినా ఉండాలి, బ్యాలెన్సింగ్‌కి అంటించే బరువులు ఆ 3 మి.మీ.లోకి రాకుండా అంటించమని చెప్పండి. ఈటీ అచ్చు లేని పాత రిమ్ము దొరికితే మీరే కొలవొచ్చు. లోపలి అంచుల మీద అడ్డంగా పట్టీ పెట్టి హబ్ ముఖం దాకా లోతు కొలిచి, రిమ్ము మొత్తం వెడల్పులో సగం దానిలోంచి తీసెయ్యండి. 6జె అంటే అంచులతో కలిపి సుమారు 178, సగం 89. లోతు 127 వస్తే ఈటీ 38.

బిగించాక అలైన్‌మెంట్ చేయించి, టార్క్ రెంచ్‌తో మీ కారు మాన్యువల్ చెప్పిన బిగువుకి తిప్పి, 50 నుంచి 100 కి.మీ. తిరిగాక మళ్ళీ చూడండి. అలాయ్ కొత్తలో సర్దుకుంటుంది, నట్లు వదులవుతాయి.

ఆఖరి పరీక్ష బరువుతో. టైరు భుజాల మీద రెండు వైపులా చాక్‌పీస్ మందంగా రుద్ది, ఐదుగురిని ఎక్కించి, డిక్కీలో సామాను వేసి, స్పీడ్ బ్రేకర్ మీద ఏటవాలుగా నెమ్మదిగా దాటండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ముందుకొకసారి, రివర్స్‌లో ఒకసారి, రెండుసార్లూ మధ్యలో బ్రేకు వెయ్యండి. తర్వాత టార్చి పట్టుకుని చూడండి. లోపలి భుజం చుట్టూ చాక్ పోయి నల్లగా మెరుస్తున్న గీత ఉంటే స్ట్రట్ లేదా స్ప్రింగ్ గిన్నె. బయటి భుజం మీద సన్నగా కోసినట్టు ఉంటే మడ్‌గార్డ్ అంచు. చుట్టూ కాకుండా చెదురుమదురుగా చెరిగితే లైనర్ లేదా బంపర్ మూల, అది స్టీరింగ్ తిరిగినప్పుడే తగిలింది. బయటి గీతలో గోరు దిగుతోందంటే ఆ చక్రంతో బరువు మోసుకుని హైవే ఎక్కకండి. సైడ్‌వాల్‌లో దారం కనిపిస్తే ఆ టైరు పని అయిపోయినట్టే, ప్యాచ్ వెయ్యడానికి లేదు.